నాలుగు శాతం

పోయిన వారం మొగిలయ్యను చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో, 'వేకువ' బైండింగ్ సంఘం మెట్ల దగ్గర వదిలిపెట్టాం. అప్పుడు అతని చేతిలో వైకల్యం ఎంతో కొలిచి చెప్పే సదరం క్యాంపు వాళ్ళిచ్చిన కాగితం ఉంది. ఎడమకాలి వైకల్యం ముప్పై ఆరు శాతమని అందులో రాసి ఉంది. నలభై ఉంటే లెక్కలోకి వచ్చేవాడు.

సర్కారు ఆస్పత్రులకు కావలసిన రిజిస్టర్లు వికలాంగుల సంఘాల దగ్గరే కొనాలని ఒక శాఖ నిర్ణయించడంతో 'వేకువ'కు ఏడాది పొడుగునా సరిపడే ఆర్డరు వచ్చింది. చేతిపనిలో ముప్పాతిక వంతు నలభైకి తగ్గని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే చెయ్యాలి. ముందుగా పంపే నమూనా పూర్తిగా వాళ్ళ చేతిదే కావాలి. పని నడిపించే మనిషికీ ఆ సర్టిఫికెట్ ఉండాలి. అవీ షరతులు. అక్కడున్న పదకొండు మందికీ సూది పట్టడం నేర్పింది మొగిలయ్యే అయినా ఇన్‌ఛార్జి కుర్చీ అతనికి దక్కలేదు. మూడేళ్ళ కిందట అతని దగ్గరే పని నేర్చుకున్న వీణకు దక్కింది. వీణకు రెండు కళ్ళూ కనపడవు. ఆమె సర్టిఫికెట్ మీద వంద ఉంది.

మొగిలయ్య దగ్గర మిగిలింది ఒకే ఒక్క రహస్యం. శాఖవాళ్ళు మెచ్చి ఆర్డరిచ్చిన ఆ నమూనా రిజిస్టరు కట్టింది అతనే, అంటే లెక్కకు రాని మనిషి. మంగళవారం తనిఖీకొచ్చే ఆఫీసరు చెవిన ఆ మాట పడితే వీణ కుర్చీ ఒక్క పూట కూడా నిలవదు.

ఆ మంగళవారం తెల్లారింది.

అశోక్‌నగర్‌లో మొగిలయ్య కిరాయికుండే గది ఒక హాస్టల్ వెనకవైపు ఉంటుంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు బకెట్లు పట్టుకుని వరుసలో నిలబడి ఒకరికొకరు పాఠాలు అప్పజెప్పుకుంటుంటే వాళ్ళ మధ్య నుంచే బయటికి రావాలి. ఎంత ఇరుకులో నడిచినా అతని కాలి సంగతి ఎవరికీ తెలియదు. రెండో ఏట పోలియో తగిలిన ఎడమకాలు కుడికాలి కంటే సన్నం, కొంచెం పొట్టి కూడా. ఎడమ చెప్పులో రెక్జిన్ మడతలు కుట్టుకుని, భుజం కదలనివ్వకుండా, అడుగు అడుగుకీ నడుముతో సర్దుకుంటూ నడవడం చిన్నప్పుడే సాధించాడు. పెళ్ళిచూపుల్లో భార్య కమల కూడా కనిపెట్టలేకపోయింది. పింఛను కోసం సర్టిఫికెట్ తెచ్చుకోమన్న వాళ్ళతో మాట్లాడడం మానేసిన రోజులున్నాయి.

అలాంటి మనిషి నలభై ఏడేళ్ళ వయసులో, ఆ కాలు ఇంకొంచెం సన్నగా ఉంటే బాగుండేదని అనుకుంటున్నాడు. చూపులేని ఆడపిల్లను చూసి కుళ్ళుకుంటున్నాడు. అది సిగ్గుపడాల్సిన సంగతని అతనికి తెలుసు. తెలిసినా కడుపులో మంట తగ్గడం లేదు.

"ఇయ్యాల ఆఫీసరు వస్తడంటివి గద. జర మంచిగ మాట్లాడు. మొఖం గట్ల పెట్టుకోకు," అంది కమల టీ గ్లాసు అందిస్తూ.

"నాతోని ఎవడు మాట్లాడతడు? మాట్లాడెటందుకు ఇన్‌ఛార్జి ఉన్నది గద," అన్నాడు.



'వేకువ' రాజ్యలక్ష్మి గారి పాత ఇంటి మేడ మీద నడుస్తుంది. ఆవిడ రిటైరైన లెక్చరర్. సంఘం కాగితాల పనంతా ఆవిడే చూస్తారు. గదికి కిరాయి తీసుకోరు. మొగిలయ్య వెళ్ళేసరికి అందరూ పనిలో ఉన్నారు. ఇదివరకైతే అతను గడపలో అడుగు పెట్టగానే, "ఉస్తాద్, దారం అయిపోయింది" అని ఒకరు, "ఉస్తాద్, జిగురు పలచనైంది" అని ఒకరు మొదలుపెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ మాటలన్నీ కిటికీ పక్కనున్న కొత్త కుర్చీ వైపు పోతున్నాయి. కటింగ్ మెషిన్ దగ్గరుండే బాలప్పకు మాట, వినికిడి రెండూ లేవు. అతను కూడా అట్టల కొలత చూపించడానికి వీణ దగ్గరికే వెళ్ళి ఆమె అరచేతిలో వేలితో అంకెలు రాస్తున్నాడు. ఆ అంకెలు రాయడం బాలప్పకు నేర్పింది మొగిలయ్యే.

అతను ఒక మూలన కూర్చుని సూదిలో దారం ఎక్కించుకున్నాడో లేదో, వీణ పిలిచింది.

"మొగిలన్నా, గీ రిజిస్టర్ల ఒక ఫారం తక్కువున్నది."

అది నిన్న సాయంత్రం అతను చూసి పక్కన పెట్టిన కట్టలోది. పదహారేసి పేజీలుగా మడిచిన కాగితపు మడతలే ఫారాలు. పన్నెండు ఫారాలు కుడితే ఒక రిజిస్టరు.

"నిన్న నేనే చూసి పెట్టిన," అన్నాడు మొగిలయ్య.

"చూసినవన్నా. ఒకసారి లెక్కపెట్టు."

అతను లెక్కపెట్టాడు. పదకొండే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. సూదులన్నీ ఆగిపోయినట్టు అతనికి అనిపించింది గానీ నిజానికి ఎవరూ తల ఎత్తలేదు. వీణ బొటనవేలిని రిజిస్టరు వీపు మీద ఒక్కసారి జరిపి పట్టుకున్న తప్పు, అతని రెండు కళ్ళకూ దొరకలేదు.

"అందరికి అయితది అన్నా. నాకియ్యి, నేను విప్పి కలుపుత," అంది వీణ నెమ్మదిగా.

ఆమె గట్టిగా అరిచి ఉంటే మొగిలయ్య ఓర్చుకునేవాడేమో. ఆ నెమ్మదే అతనికి కారం రాసినట్టయింది. మూడేళ్ళ కిందట, జనగామ దిక్కు పల్లె నుంచి పరీక్షలకని అశోక్‌నగర్ వచ్చి, చూపు పూర్తిగా పోయి, పుస్తకాలు మూసేసిన ఈ పిల్లకు సూదిపోటు తగలకుండా దారం లాగడం నేర్పింది తను. మొదటి నెలలో ఆమె వేళ్ళకు గుడ్డ చుట్టింది తను. అప్పుడు ఇదే మాట ఆమెతో ఇదే గొంతుతో అనేవాడు. అందరికి అయితది బిడ్డా, అని.

పదకొండు గంటలకు రాజ్యలక్ష్మి గారు మెట్లెక్కి వచ్చారు. మొగిలయ్యను పక్కకు పిలిచి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మొగిలయ్య గారూ, ఏమనుకోకండి. ఆఫీసరు గారు ఉన్నంతసేపూ మీరు వరండాలో కూర్చోండి. చేతిపని లెక్కలో మీరు లేరు కదా. బయటివాళ్ళకు పావు వంతు వీలున్నా, లోపల సూది పట్టుకుని కనిపిస్తే ఆయన అడుగుతారు, నేను జవాబు చెప్పుకోవాలి."

"నేను నేర్పినోళ్ళు లోపల, నేను బయటనా మేడం?"

"ఒక్క గంట. మీకు తెలియనిదేముంది," అన్నారావిడ, అతని ముఖం చూడకుండా.

అతను వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి వచ్చిన ఆఫీసరు జగన్మోహన్ యాభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన. బ్యాగులోంచి ఫైలు, దానితోపాటు ఎర్ర క్యాలికో గుడ్డ వీపున్న రిజిస్టరు ఒకటి తీసి బల్ల మీద పెట్టడం కిటికీలోంచి కనిపించింది. నమూనా. దాన్ని చూడగానే మొగిలయ్యకు కన్నబిడ్డను పరాయి వాళ్ళ ఒళ్ళో చూసినట్టయింది.

"ఇరవై రెండు సంఘాల నమూనాలు చూశామమ్మా. మా కమిటీలో దీన్ని పట్టుకుని లాగని వాళ్ళు లేరు. ఒక్క పేజీ కదల్లేదు. ఇంత గట్టి కుట్టు మా స్టోర్లో ఎన్నడూ చూడలేదు," అంటున్నాడు జగన్మోహన్. "ఇది ఎవరి చేతిది?"

"మా సంఘందే సార్," అంది వీణ.

ఆ మాటకు మొగిలయ్య లేచాడు. తను లేస్తున్నానని అనుకుని లేవలేదు. గడప దాటి బల్ల ముందు నిలబడ్డాకే తెలిసింది.

"సంఘందంటే ఎవరిదని చెప్తలేదు సార్. అది నేను కట్టిన. నా పేరు మొగిలయ్య. నాకు ముప్పై ఆరే. మీ లెక్కల నేను రాను."

రాజ్యలక్ష్మి గారు కుర్చీలో కూలబడ్డారు. జగన్మోహన్ పెన్ను మూత పెట్టాడు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి, నమూనా పూర్తిగా నలభైకి తగ్గని వాళ్ళ చేతిపనేనని సంఘం రాసిచ్చిన మాటను వేలితో చూపించాడు. దాని కింద వీణ సంతకం ఉంది.

"ఏమ్మా?" అన్నాడు.

వీణ మొగిలయ్య గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"మొగిలన్న ఒకటి కట్టిండు సార్, నిజమే. గని మీ షరతు చదివిపిచ్చుకున్నంక అది పంపితే తప్పయితదని నేను వేరేది కట్టిన. కాగితం గదే, క్యాలికో గదే. అంచులు బాలప్పన్న కోసిండు. మీ చేతిలున్నది నేను కట్టింది. మొగిలన్నకు చెప్పలే. బాధపడతడని చెప్పలే."

 మొగిలయ్యకు నవ్వొచ్చింది. ఎంత ధైర్యంగా అబద్ధమాడుతోంది, అనుకున్నాడు.

"ఆఖరి ఫారం నడిమిట్ల ఇప్పి చూడన్నా," అంది వీణ. "ముడి చూడు."

జగన్మోహన్ రిజిస్టరును అతని వైపు జరిపాడు. మొగిలయ్య ఆఖరి ఫారం మధ్యకు విప్పాడు. అతను ముడి ఎప్పుడూ వీపు మీద వేస్తాడు. జిగురు పూసి గుడ్డ అంటించాక అది ఎవరికీ కనపడదు. పదకొండు మందికీ అలాగే నేర్పాడు. ఒక్క వీణే మాట వినలేదు. వేలితో తడిమి చూసుకోవడానికి వీలుగా ముడిని ఫారం లోపలి మడతలో వేసేది. అది పద్ధతి కాదని ఆమెను ఎన్నిసార్లు కోప్పడ్డాడో.

మడత లోపల, దారం చివర, ఆవగింజంత ముడి ఉంది.

మూడు నెలల కిందట అతను ఈ రిజిస్టరు ప్యాకెట్ కట్టబోయే ముందు చేతుల్లోకి తీసుకుని తిరగేసి, ఇంత మంచి పని తను కూడా ఎన్నడూ చెయ్యలేదని మురిసిపోయాడు. ఆ రోజు ఇంటికెళ్ళి కమలకు కూడా చెప్పాడు. తన చేతి పనికీ ఆమె చేతి పనికీ తేడా తనకే తెలియలేదు. లేదు, తేడా ఉంది. ఇదే బాగుంది.

"మీరే చెప్పండి," అన్నాడు జగన్మోహన్. "మాకు ముళ్ళ సంగతి తెలీదు. వీళ్ళకు నేర్పింది మీరేనంటున్నారు. ఇది మీ చేతిదేనా, కాదా?"

గదిలో ఆ ముడిని చదవగలిగిన కళ్ళు అతనివే. బాలప్ప అందరి ముఖాలూ చూస్తూ ఏం జరుగుతోందని మొగిలయ్యకే సైగ చేస్తున్నాడు. రాజ్యలక్ష్మి గారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. కాదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వీణ, అతను కాదంటాడన్న నమ్మకంతో, తేలికగా ఊపిరి వదిలింది.

ఆ నమ్మకాన్ని అతను భరించలేకపోయాడు.

"నాదే సార్," అన్నాడు.

వీణ బల్ల మీద ఉన్న చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. 

జగన్మోహన్ కొంచెంసేపు ఇద్దరినీ చూసి ఫైలు మూశాడు. "ఇలాగైతే ఆర్డరు ఆపాల్సిందే. శుక్రవారం పది గంటలకు ఇద్దరూ ఆఫీసుకు రండి. కమిటీ ముందు చెరో రిజిస్టరు కట్టండి. ఏది ఎవరిదో అక్కడే తేలుతుంది. మొగిలయ్య గారూ, మీరు రాకపోతే ఇవాళ చెప్పిన మాటే మీ వాంగ్మూలంగా రాసుకుంటాం. ఆర్డరు వేరే సంఘానికి పోతుంది. తప్పుడు హామీ మీద సంతకం పెట్టినందుకు ఈ అమ్మాయి మీద చర్య ఉంటుంది." నమూనాను మళ్ళీ బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పని సాగలేదు. మధ్యాహ్నం దాకా ఎవరి మూలన వాళ్ళు కూర్చున్నారు. మొగిలయ్యతో ఎవరూ మాట్లాడలేదు. రాజ్యలక్ష్మి గారు కిందికెళ్ళి తలుపు వేసుకున్నారు. చివరికి అతనే ఉండబట్టలేక కాగితాల గదిలోకి వెళ్ళాడు. వీణ అక్కడ రీముల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. అతను నోరు తెరవకముందే మాట్లాడింది.

"రా అన్నా. తలుపు దగ్గరికెయ్యి."

"షెల్ఫ్ నిండ నీ రిజిస్టర్లున్నయి," అన్నాడు మొగిలయ్య. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "ఒక్కటి తీసి ముడి చూపిస్తే అయిపోతుండె. ఎందుకు చూపియ్యలే?"

"పది మంది ముందట నిన్ను అబద్ధాలోణ్ణి చెయ్యాల్నా?"

"నువ్వు దాచిపెట్టి వేరేది కట్టుడు అబద్ధం కాదా?"

"అదే. అది నాకు మూడు నెలలసంది గుచ్చుకుంటనే ఉన్నది. నీది పారెయ్యలే అన్నా. హాస్టల్ల నా పెట్టెల ఉన్నది. నీకు చెప్పాలనుకున్న. చెప్తే ఇగ నాకు ఏం నేర్పవేమోనని భయమైంది. అప్పటికే నువ్వు నాతోని సరిగ మాట్లాడుడు బంద్ చేసినవు."

మొగిలయ్య రీములకు ఆనుకుని నిలబడ్డాడు. దాచుకోవాల్సింది ఇంక ఏమీ లేదనిపించి, ఎన్నో రోజులుగా లోపల కుళ్ళిపోతున్నది బయటపెట్టేశాడు.

"నీకు వంద ఇచ్చిండ్రు. నాకు ముప్పై ఆరు. ఇరవై ఆరేండ్లు బైండింగ్ చేసిన. నాలుగు శాతం కాడ నన్ను బయట బెంచీ మీద కూసోబెట్టిండ్రు. ఓర్చుకోలేకపోయిన వీణా. నీ కుర్చీ కాదు, నీ వంద చూసి కూడ ఓర్చుకోలేదు. గంత చెడిపోయిన."

వీణ ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

"క్యాంపుకు పోయే ముందల పది రోజులు మెట్ల మీద నడక నేర్చుకున్నవు గద," అంది.

మొగిలయ్య క్యాంపులో డాక్టర్ ముందు ఎక్కువగా కుంటడానికి, ఎవరూ రాకముందే వచ్చి మెట్ల మీద ఎక్కి దిగి సాధన చేసిన సంగతి కమలకు కూడా తెలియదు.

"నేను అప్పటికే లోపల ఉంటుంటి. వింటుంటి. ఎవ్వరికి చెప్పలే," అంది వీణ. "నీకు మూడు నడకలున్నయన్నా. ఒకటి అందరి ముందట నడిచేది, దాచిపెట్టి. ఒకటి డాక్టర్ కోసం నేర్చుకున్నది. డాక్టర్‌కు ఎక్కువ చేసి చూపిస్తే తెల్వదా? అందుకే తక్కువేసిండు. ఇంకోటి గీ గదిల ఒక్కనివి రీములు మోసేటప్పుడు నడిచేది. అది నీ అసలు నడక. అది నేనొక్కదాన్నే విన్న. అట్ల నడిస్తే నలభై దాటుతది."

 ముప్పై తొమ్మిదైనా నలభై ఒకటైనా అప్పుడు ఒకటే అనిపించింది. ఇంతకాలం తను ఎవరికీ చూపించని నడకను, చూడలేని మనిషి దాచిపెట్టింది.

"శుక్రవారం వస్త," అన్నాడు చివరికి. "ముడి నీదే అని చెప్త. వాళ్ళు ఏం రాసుకుంటే అది రాసుకోని."

వీణ తల ఊపింది. ఏదో అనబోయింది. అంతలో ఆమె ఒళ్ళో ఉన్న ఫోను మోగి ఆగింది. ఆమె తెర మీద వేలు పెట్టింది. వచ్చిన సందేశాన్ని ఫోను పైకి చదవడం మొదలుపెట్టింది, ఎత్తూ పల్లం లేని ఆడగొంతుతో.

"మొగిలయ్య. వైకల్య పునఃపరీక్ష దరఖాస్తు ఆమోదించబడినది. పరీక్ష శుక్రవారం ఉదయం పది గంటలకు. స్వయంగా హాజరు కావలెను. హాజరు కానిచో దరఖాస్తు రద్దగును. మరియొక అవకాశం లేదు."

మొగిలయ్య ఫోను వైపు చూశాడు. "నా పేరు నీ ఫోన్లకెట్ల వచ్చింది?"

"నేనే పెట్టిన అన్నా, మీసేవల. పోయిన నెల. నువ్వైతే పోనంటవని నా నంబరిచ్చిన," అంది వీణ.  వేలు తెర మీదే ఉంది. ఆ గొంతు మళ్ళీ మొదటి నుంచి చదవబోతే ఆపేసింది.

"రెండు ఒకటే టైముకు," అంది.

అవును. ఒకచోట నలభై, దానితోపాటు అలాంటి కుర్చీకి అర్హత. ఇంకోచోట పదకొండు మంది కూడు, ఈ పిల్ల సంతకం. మొగిలయ్య లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాడు. తను ఆఫీసుకు వెళ్ళకపోతే చాలు. ఏమీ చెయ్యనక్కరలేదు, ఒక్క మాట కూడా కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ ఆలోచన తనకెంత సులువుగా వచ్చిందో చూసి అతనికే భయం వేసింది.

వీణ స్టూలు మీద నుంచి లేచి, గోడ పట్టుకుని, అతని పక్క నుంచే తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఏడికి పోతవో నాకు చెప్పకు అన్నా," అంది. "శుక్రవారం నాకే తెలుస్తది."